నాలుగో శీలం

మొన్న బి.ఏ. రెండో సంవత్సరం వాళ్ళకు పింగళి కాటూరి కవుల 'సౌందరనందం' చెబుతున్నాను. ఆ కథకు మూలం అశ్వఘోషుడు గదా, ముందు ఆ సంస్కృత కావ్యంలోని కథ చెప్పాను. బుద్ధుడు తమ్ముడి ఇంటికి భిక్షకు వచ్చి, ఎవరూ పలకరించకపోతే తిరిగి వెళ్ళిపోతాడు. క్షమాపణ చెప్పుకొని ఇప్పుడే వస్తానని భార్య సుందరికి మాట ఇచ్చి నందుడు వెనకాలే బయలుదేరతాడు. అన్నగారు భిక్షాపాత్ర చేతిలో పెడతాడు. పెద్దవాడు ఇచ్చిన పాత్ర, మధ్యదారిలో తిరిగి ఎలా ఇవ్వడం? మొహమాటపడుతూ విహారం దాకా వెళ్ళిన పాపానికి నందుడికి తల గొరిగి కాషాయం కట్టారు.

వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు. "మాస్టారూ, ఇష్టంలేని మనిషిని పట్టుకుపోయి కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంటే, దాన్ని విహారం అంటారా, జైలు అంటారా?" అన్నాడు.

క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. అదృష్టవశాత్తు గంట కొట్టారు. జవాబు చెప్పవలసిన పని తప్పింది. కాని ఆ ప్రశ్న నాతోనే ఇంటికి వచ్చింది. ఎందుకంటే, సరిగ్గా దీనికి తిరగబడిన కథ మా ఇంట్లోనే వొకటి వుంది. విహారం జైలనిపించిన నందుడి కథ అది. జైల్లో కూర్చుని శీలాలు పట్టిన మా చిన్నమామయ్య కథ ఇది. మామయ్య అనుమతితోనే రాస్తున్నాను. పేరు రాయవద్దన్నాడు; రాయడం లేదు.

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి దగ్గర. ముగ్గురు పిల్లల్లో మామయ్య మధ్యవాడు. బి.కాం. ప్యాసై, ఢిల్లీలో వొక ప్రైవేటు వర్తక సంస్థలో క్యాషియరుగా చేరాడు. 1992 లో మా పిన్ని పెళ్ళి జరిగింది. బాజాభజంత్రీలతో, ఊరు చెప్పుకొనేలా జరిగింది. 1993 ఫిబ్రవరిలో మామయ్యను పోలీసులు తీసుకువెళ్ళారు. లెక్కల్లో 68 వేల రూపాయలు తక్కువ వచ్చాయట. అప్పుడు నాకు పదమూడేళ్ళు. పెద్దవాళ్ళు తలుపులు వేసుకొని మాట్లాడుకునేవారు. ఎవరైనా అడిగితే, "మా వాడికి బొంబాయి బదిలీ అయింది" అనేది అమ్మమ్మ. నన్నూ అలాగే చెప్పమన్నారు. చెప్పాను. చక్కగా చెప్పానని మెచ్చుకున్నారు కూడా.

బెయిలుకు జామీను నిలిచేవాళ్ళు ఢిల్లీలో ఎవరున్నారు? మామయ్య తీహారు జైల్లో వుండిపోయాడు. ఆ రోజుల్లో ఆ జైలు సుమారు రెండున్నర వేలమందికి కట్టినది. అందులో వున్నది ఎనిమిది వేల పైమాటే. వాళ్ళలో ఎక్కువమంది శిక్ష పడినవాళ్ళు కారు, విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. మామయ్య ఆ మొదటి నెలల గురించి చెప్పేటప్పుడు దెబ్బలాటల గురించీ, దాదాల గురించీ పెద్దగా చెప్పడు. చోటు గురించి చెబుతాడు. బారక్‌లో రాత్రి పక్కకు ఒత్తిగిలితే ఆ వరస అంతా ఒత్తిగిలవలసి వచ్చేదట. సాయంత్రం లోపల వేసి తాళం పెట్టిన దగ్గర్నించి తెల్లవారి తలలు లెక్కపెట్టేదాకా గొడవ, దగ్గులు, బూతులు, ఎవడో ఏడుపు. "శబ్దం లేని చోటు ఒక్క గజం కూడా లేదురా. నా గొంతు నాకు వినబడి ఆరు నెలలైంది" అన్నాడు వొకసారి.

అక్కడ పరిచయం చేసుకోవడానికి వొక పద్ధతి వుందట. పేరు, ఊరు, సెక్షను చెప్పి, ఆ తరవాత "నన్ను అన్యాయంగా ఇరికించారు" అనడం. ఎదుటివాడు తల పంకించి, "నన్నూ అంతే" అనాలి. అది మర్యాద. మామయ్య ఆ మాట బాగా నేర్చుకున్నాడు. అమ్మమ్మకు రాసిన ప్రతి ఇన్‌లాండు ఉత్తరంలోనూ అదే మాట. మేనేజరు డబ్బు తిని తన నెత్తిన రుద్దాడన్నాడు. అమ్మమ్మ ఆ మేనేజరును రోజూ దేవుడి ముందు కూర్చుని శపించేది.

1993 మే నెలలో కిరణ్ బేడీ తీహారుకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చింది. ఆమె తెచ్చిన మార్పుల్లో వొకటి విపశ్యన శిబిరం. ఆ ఏడు నవంబరులో సుమారు నూరుమందితో మొదటి శిబిరం జరిగింది. మరుసటి ఏడు, 1994 ఏప్రిల్‌లో, వెయ్యిమందికి పైగా ఖైదీలను వొక్కచోట కూర్చోబెట్టారు. చెప్పడానికి సత్యనారాయణ గోయెంకాగారే స్వయంగా వచ్చారు.

ఈ గోయెంకాగారి సంగతి కొంత చెప్పాలి. ఆయన 1924 లో బర్మాలో, మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. గురువు ఊ బా ఖిన్. ఆ గురువు సన్యాసి కాడు. బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. (పద్దులు చూసే మనిషి దగ్గర పుట్టిన విద్య, పద్దులు తప్పిన మా మామయ్య దగ్గరకు చేరడం నాకు ఎప్పుడూ విచిత్రంగానే తోస్తుంది.) గోయెంకాగారు 1969 లో ఇండియాకు వచ్చారు. 1975 లో రాజస్థాన్ హోం సెక్రటరీగా వున్న రామ్‌సింగ్ చొరవతో జయపూరు సెంట్రల్ జైల్లో మొట్టమొదటి శిబిరం పెట్టారు. అక్కడ కరడుగట్టిన ఖైదీలు కొందర్ని కాళ్ళకు సంకెళ్ళతో తీసుకొచ్చి కూర్చోబెట్టారట. సంకెళ్ళు వేసిన మనిషికి నేను ధర్మం ఎలా చెప్పను, ముందు అవి తీయండి అన్నారట ఆయన. జైలువాళ్ళకు గుండెలు జారి వుంటాయి. అయినా తీశారు. ఏమీ జరగలేదు.

మామయ్య శిబిరంలో చేరడానికి కారణం ధర్మం కాదు. షామియానా. పది రోజులు బారక్ బయట వుండవచ్చు. ఎవడూ మాట్లాడడట, అదొక్కటి చాలు అనుకున్నాడు. బుద్ధుడి గురించి ఆయనకు తెలిసిందల్లా హైస్కూలు రోజుల్లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూడటమే. అందులోనూ గుర్తున్నది లాంచీ రేవు దగ్గర కొనుక్కున్న పుల్ల ఐసు.

ముందుగా అయిదు శీలాలు ఒప్పుకోవాలి. ప్రాణి హింస చేయను, దొంగతనం చేయను, వ్యభిచరించను, అబద్ధమాడను, మత్తు ముట్టను. వెయ్యిమంది జైలు దుస్తుల్లోనూ, మాసిన కమీజుల్లోనూ కూర్చుని ఆ మాటలు అంటుంటే మామయ్యకు నవ్వొచ్చిందట. "దొంగతనం చేయనని అప్పుడు చెబితే ఏం లాభం! అబద్ధమాడనన్న మాట మాత్రం చాలా తేలిగ్గా అనేశాను. తొమ్మిది రోజులు నోరే తెరవకూడదు గదా, ఎలా ఆడతాను?" అన్నాడు.

తెల్లవారుజామున నాలుగింటికి గంట. రోజుకు సుమారు పది గంటలు కూర్చోవడం. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర వచ్చే ఊపిరిని చూడటం తప్ప వేరే పని లేదు. రెండో రోజుకల్లా బీడీ కోసం ప్రాణం కొట్టుకుపోయిందట. (ఢిల్లీలో సిగరెట్టు, జైల్లో బీడీ.) ఏప్రిల్ నెల ఢిల్లీ ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నాలుగో రోజునించి శరీరంలో తల మొదలు కాళ్ళ దాకా ఏం జరుగుతోందో చూడాలి. నొప్పి వస్తే నొప్పి, దురద వస్తే దురద. తోసేయకూడదు, పట్టుకోకూడదు. రోజుకు మూడుసార్లు గంటసేపు కాలు కదపకుండా కూర్చోవాలి.

ఆరో రోజు అలా కూర్చున్నప్పుడు జరిగిన దాన్ని మామయ్య చాలా మామూలుగా చెబుతాడు. జ్యోతులు గానీ, బుద్ధ దర్శనం గానీ ఏమీ లేవు. మేనేజరు గుర్తొచ్చాడు. వెంటనే మనసులో అలవాటైన మాట, 'ఇరికించారు' అన్నది, లేచింది. అది లేచినప్పుడల్లా గొంతు దగ్గర చిన్న బిగువు. చొక్కా పై బొత్తాం పెట్టినట్టు. ఊపిరిని చూసినట్టే దాన్నీ చూశాడు. మళ్ళీ మాట, మళ్ళీ బిగువు. పద్నాలుగు నెలలుగా ఆ మాట రోజుకు పదిమందితో అంటున్నాడు గనక ఆ బిగువు తెలియలేదు. "వినేవాడు లేకపోయేసరికి అది నాకే చెప్పుకోవలసి వచ్చిందిరా. నాకు నేను ఎన్నిసార్లని చెప్పుకోను? నాకు తెలుసు గదా!" అన్నాడు.

తీసింది మామయ్యే. రెండు విడతలుగా తీశాడు.

శిబిరం అయిపోయింది. బయటివాళ్ళు ఇలాంటి కథ ఇక్కడితో ఆపేస్తారు. ఆ శిబిరాల మీద 1997 లో ఇద్దరు ఇజ్రాయెలీ స్త్రీలు తీసిన డాక్యుమెంటరీ వుంది, నేను చూశాను. చివరి రోజున ఖైదీలు జైలు అధికారుల మీద పడి ఏడవడం చూస్తే మనకూ కళ్ళు చెమరుస్తాయి. కాని పదకొండో రోజున మామయ్య వెళ్ళింది ఆ పాత బారక్‌కే. అక్కడ కళ్ళు మూసుకొని కూర్చోవాలంటే మరుగుదొడ్డి వైపు గోడ దగ్గర తప్ప చోటు లేదు, అటు ఎవరూ పడుకోరు గనక. ఆ వాసనలో తెల్లవారుజామున కూర్చునేవాడు. కుర్రాళ్ళు "భగత్‌జీ" అని పేరు పెట్టి, కూర్చున్నప్పుడు నెత్తిన చెప్పు పెట్టి పందేలు కాసేవారట, ఎంతసేపు కదలకుండా వుంటాడోనని. మొదటి శీలం నల్లుల దగ్గర ఆగిపోయింది. పట్టుకొని చంపకుండా కిటికీలోంచి పారేసేవాడు. ఆ కిటికీ కింద పడుకున్నవాడు తిట్టేవాడు. బీడీ మళ్ళీ మొదలైంది. మానడానికి ఇంకో రెండేళ్ళు పట్టిందని తనే చెప్పాడు.

కాని నాలుగోది వుందే, అది వదల్లేదు.

మే నెలాఖరులో అమ్మమ్మకు వొక ఇన్‌లాండు ఉత్తరం వచ్చింది. సెలవులకు నేనక్కడే వున్నాను. అందరికీ వినబడేలా చదవడం అలవాటు గనక నాచేతికే ఇచ్చింది. మూడో వాక్యం దగ్గర నా గొంతు ఆగిపోయింది. "అమ్మా, మేనేజరుగారిని ఏమీ అనకు, డబ్బు నేనే తీశాను" అని రాశాడు. ఎందుకు తీశాడో, ఆ డబ్బు ఎక్కడికి వెళ్ళిందో ఉత్తరంలో లేదు. ఉండనక్కర కూడా లేదు. పిన్ని పెళ్ళిలో కట్నం చివరి వాయిదా ఎవరు పంపారో అరుగు మీద కూర్చున్న అందరికీ తెలుసు. పిన్ని పురిటికి వచ్చి లోపలి గదిలోనే వుంది.

అమ్మమ్మ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుంది. ఏడవలేదు. "వాడికి అక్కడ ఎవరో మందు పెట్టారు" అంది. మా నాన్న మండిపడ్డాడు. ప్లీడరు అయితే తల బాదుకున్నాడట. సాక్ష్యం బలంగా లేదు, మరి కొన్నాళ్ళు నడిపితే కొట్టివేయించేవాణ్ణి, ఈ బైరాగితనం ఇప్పుడా అని. నిజం చెప్పాలంటే, పద్నాలుగేళ్ళ నాకు కూడా ఒళ్ళు మండింది. మామయ్య నిజం చెప్పేసరికి నేను అబద్ధాలవాణ్ణయ్యాను. బొంబాయి బదిలీ అని చెప్పింది నేను గదా!

చాలా ఏళ్ళ తరవాత, ఎం.ఏ. చదివే రోజుల్లో, మజ్ఝిమ నికాయంలో అంగుళిమాలుడి కథ చదివాను. వేళ్ళు కోసి దండ వేసుకున్న దొంగ, బుద్ధుడి దగ్గర భిక్షువైనవాడు. ఆ మేరకు మనందరికీ తెలుసు. తెలియనిది ఆ తరవాతి భాగం. భిక్షకు వెళ్ళిన అంగుళిమాలుడు పురిటినొప్పులు పడుతున్న వొక స్త్రీని చూసి, జాలిపడి, వచ్చి బుద్ధుడికి చెబుతాడు. వెళ్ళి, పుట్టిన దగ్గర్నించి నేను తెలిసి ఏ ప్రాణినీ చంపలేదు, ఆ సత్యంవల్ల నీకు మేలగుగాక అని చెప్పమంటాడు బుద్ధుడు. సాక్షాత్తూ గురువు చెప్పమన్న మాట. అవతల వొక తల్లి ప్రాణం. అయినా అంగుళిమాలుడు, అది అబద్ధం అవుతుంది గదా స్వామీ అంటాడు. అప్పుడు బుద్ధుడు మాట సవరిస్తాడు: ఆర్య జన్మ ఎత్తిన దగ్గర్నించి అని చెప్పు. అంటే భిక్షువైన నాటినించి. అలా చెబుతాడు, ఆమెకు సుఖప్రసవం అవుతుంది. ఆ తరవాత కూడా ఊళ్ళో జనం ఆయన్ను వదల్లేదు. రాళ్ళు తగిలి తల పగిలి, పాత్ర విరిగి, నెత్తురు కారుతూ తిరిగివచ్చాడు. ఓర్చుకో అన్నాడు బుద్ధుడు. అంతకుమించి ఏమీ చేయలేదు.

ఆ పుట చదివిన రాత్రి మామయ్యకు ఉత్తరం రాశాను. అప్పటిదాకా రాయలేదు.

ఆయన వొక్కడే ఇలా అనుకోకండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్ క్వెంటిన్ జైలు వుంది. జార్విస్ మాస్టర్స్ అనే ఆయన 1981 లో, దోపిడీ నేరం మీద, పంతొమ్మిదేళ్ళ వయస్సులో అందులోకి వెళ్ళాడు. 1985 లో అక్కడ వొక గార్డు హత్య జరిగింది. ఆ హత్యకు ఆయుధం సానపట్టి ఇచ్చాడన్న నేరారోపణ మీద 1990 లో ఆయనకు మరణశిక్ష వేశారు. చాగ్‌దుద్ తుల్కు అనే టిబెటన్ లామా జైలుకు వచ్చి ఆయనకు దీక్ష ఇచ్చాడు. గురుశిష్యుల మధ్య అద్దం. ఏళ్ళ తరబడి ఒంటరి కొట్లో వుండి, 1997 లో 'ఫైండింగ్ ఫ్రీడమ్' అన్న పుస్తకం వెలువరించాడు. జైలు ఆవరణలో వొక ఖైదీ సముద్రపు పక్షిని కొట్టబోతే ఈయన చెయ్యి అడ్డం పెట్టాడట. నీకెందుకని వాడు మీదికి వస్తే నోటికి వచ్చిన జవాబే 2009 లో తన జీవితకథకు పేరు పెట్టుకున్నాడు: ఆ పక్షివి నా రెక్కలు అని దాని అర్థం. గార్డు హత్యతో తనకు సంబంధం లేదని ఆయన మొదటినించీ చెబుతూనే వున్నాడు. నేను చేశాను అని మామయ్య. నేను చేయలేదు అని ఆయన. నాకు ఇద్దరూ ఆ నాలుగో శీలం దగ్గరే కూర్చున్నట్టు కనిపిస్తారు.

ఇదంతా విని మా సహాధ్యాపకుడు వొకాయన, "జైలువాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? అన్నం బాగా లేదని అరిచేవాడు కళ్ళు మూసుకొని కూర్చుంటాడు" అన్నాడు. ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. ఎనిమిదివేలమందిని రెండున్నరవేలమంది చోట్లో కుక్కిన ప్రభుత్వం చేయవలసింది బారక్‌లు కట్టడం, విచారణ త్వరగా జరిపించడం. ఊపిరి చూసుకుంటే బారక్ వెడల్పు పెరగదు. అదే మామయ్యను అడిగాను. "కూర్చోవడం మొదలుపెట్టాకే నేను పప్పు నీళ్ళలా వుందని ఫిర్యాదుల పెట్టెలో చీటీ వేశానురా. అంతకుముందు భయం" అన్నాడు. అందరి విషయంలోనూ అలాగే జరిగి వుంటుందని నేననను. వెయ్యిమందిలో మామయ్య వొకడు.

1994 అక్టోబరులో మామయ్య కోర్టులో నేరం ఒప్పుకొన్నాడు. రెండేళ్ళ శిక్ష పడింది. అప్పటికే గడిపిన ఇరవై నెలలూ అందులో జమ అయ్యాయి. 1995 ఫిబ్రవరిలో విడుదలయ్యాడు. చూశారా, నిజం చెబితే ముందే బయటపడ్డాడు అనకండి. శిక్షపడిన క్యాషియరుకు ఎవరు ఉద్యోగమిస్తారు? పొలం ఎకరంన్నర అమ్మి ఆ 68 వేలూ కట్టాడు. ఏడేళ్ళు రైసుమిల్లులో బస్తాలు లెక్కపెట్టాడు, డబ్బు ముట్టని పని గనక. పెళ్ళి కాలేదు. పిన్ని అత్తవారింట్లో విషయం తెలిసి రెండేళ్ళు పుట్టింటికి పంపలేదు. పిన్ని ఈనాటికీ మామయ్యతో ముక్తసరిగానే మాట్లాడుతుంది. తప్పు ఆమెది కాదు. ఎవరూ ఆమెను అడిగి తీయలేదు, అడిగి చెప్పలేదు. మామయ్య ఉత్తరం రాసింది తన బిగువు తీరడానికా, ఎదుటివాళ్ళ మంచికా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఆయనకూ తేలలేదట.

భిక్షువు అవుదామని ఎప్పుడూ అనిపించలేదా అని వొకసారి అడిగాను. వినయ పిటకంలో చూసిన నియమాలు చెప్పాను. జైలు పగలగొట్టుకొని వచ్చిన దొంగకు దీక్ష ఇవ్వకూడదు. అప్పున్నవాడికి ఇవ్వకూడదు. తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే ఇవ్వకూడదు. మామయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "గోడ దూకలేదు, మొదటిది పోయింది. మిగిలిన రెండూ నాకు అడ్డమే. మీ అమ్మమ్మ బతికుండగా ఒప్పుకొనేదా?" అన్నాడు.

అమ్మమ్మ 2008 లో పోయింది. ఆమె ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతలో ఆ ఇన్‌లాండు ఉత్తరం దొరికింది. మిగతావేవీ దాచలేదు.

ఈ వ్యాసం రాయడానికి ముందు పోయిన ఆదివారం ఊరు వెళ్ళాను. మామయ్య పెరట్లో బెండ మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. మా కుర్రవాడి ప్రశ్న చెప్పాను. నందుడి కథ అంతా విన్నాడు. గొట్టం పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు.

"ఆ నందుడికి విహారంలో విడిగా గది ఇచ్చారుట్రా?"

"ఇచ్చే వుంటారు మామయ్యా. నాగార్జునకొండలో చూశావుగా, భిక్షువుల గదులు వరసగా వుంటాయి."

"నేను ఐసు తింటున్నాను, చూడలేదు" అన్నాడు. "ఒక్కడికే గదీ, రాత్రి తాళం వేసేవాడు లేడూ. అయితే జైలు కాదని చెప్పు మీవాడికి."

గొట్టం తీసుకొని వంగ మడి వైపు వెళ్ళాడు.